ఏలియా చదివి వినిపించిన కాగితం

పోయిన వారం మనం హన్నాను ఎడిటింగ్ గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లతో, కదలకుండా కూర్చున్న చోట వదిలివచ్చాం. తెర మీద బొమ్మ అయిపోయింది. నలుపు తప్ప ఏమీ లేదు. మాట మాత్రం ఇంకా నడుస్తోంది. షూటింగ్ ముగిశాక తండ్రి ఏలియా చొక్కాకు గుచ్చిన చిన్న మైకు తీయడం ఆమె మరిచిపోయింది. ఆ మైకుతోనే ఏలియా పక్కకు పోయి, తన ముఠాలోని పాత హమాలీ వెంకటేశ్వర్లుతో గొంతు తగ్గించి అన్నాడు: "కట్టయ్య తాగలే వెంకటేశ్వర్లూ. తాగిండని రాసింది నేనే."

ఎనిమిదేళ్ళ కిందట, ఊరి చివరి కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల దొంతర కూలి కట్టయ్య చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తాగి దొంతర ఎక్కాడు, తన తప్పుకు తానే పోయాడు అని ముఠా వాళ్ళందరి వేలిముద్రలతో ఒక కాగితం పుట్టింది. ఆ కాగితంతో కేసు మూతపడింది. కట్టయ్య భార్య శకుంతలే, ఇరవై ఆరేళ్ళ హన్నా తీస్తున్న మొదటి డాక్యుమెంటరీకి ప్రాణం. "నా మనిషి ఆంజనేయస్వామి మాలల ఉండె బిడ్డా. మాలల ఉన్నోణ్ణి తాగిండని రాసిన్రు" అని ఆమె కెమెరా ముందు చెప్పిన మాట చుట్టూనే హన్నా ఈ పది నెలలూ సినిమా అల్లుకుంటూ వచ్చింది.

ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదో శనివారం మధ్యాహ్నం రెండున్నరకు ఆమెకు తెలిసింది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి శోభారాణి ముందు నిలబడింది.

"అక్కా, జర వచ్చి ఒకటి ఇనవా?"

శోభారాణికి యాభై నాలుగేళ్ళు. హనుమకొండలో బీడీలు చుట్టిన తల్లి బిడ్డ. హైదరాబాదులో ముప్పై ఏళ్ళు సినిమాలు ఎడిట్ చేసి, ఒక్క సినిమాకూ ముందు వరుసలో పేరు పడక, చివరికి సొంత ఊరికి వచ్చి నయీంనగర్‌లో ఒక టైలర్ షాపు మీది రెండు గదులు అద్దెకు తీసుకుంది. తనలాంటి ఇళ్ళ పిల్లలకు కెమెరా చేతికిచ్చి, ఏడాదిపాటు వెంట నడిచి, ఒక్కొక్కరితో ఒక్కో డాక్యుమెంటరీ తీయించడం ఆ గదుల పని. 'తొలి ఫ్రేమ్' అని పేరు పెట్టింది. ఈసారి ఐదుగురు. ములుగు అడవి పల్లె నుంచి ఒకరు, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఇద్దరు, రఘునాథపల్లి నుంచి ఒకరు, వరంగల్ నుంచి హన్నా.

అంతకుముందు హన్నా హైదరాబాదులో సినిమా నేర్పే రెండు చోట్ల ఇంటర్వ్యూలకు పోయి వచ్చింది. రెండు చోట్లా ఇంగ్లీషులో అడిగారు, ఇంగ్లీషులో నవ్వారు, ఇంగ్లీషులోనే పంపించేశారు. శోభారాణి మాత్రం ఒకే ఒక ప్రశ్న అడిగింది: "మీ ఇంట్ల ఎవల పని ఎవలకూ కనపడదు?" మా నాయినది అని హన్నా చెప్పింది. తెల్లారకముందే పోయి, నలభై కిలోల బస్తాలు వీపు మీద మోసి, మిరప ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చే తండ్రి గురించి పావుగంట మాట్లాడింది. ఆ పావుగంటతోనే ఆమెకు సీటు వచ్చింది.

ఇప్పుడు ఆ తండ్రి గొంతునే శోభారాణి రెండుసార్లు విన్నది. రెండోసారి కళ్ళు మూసుకొని విన్నది. కింద టైలర్ షాపులో మిషన్లు నడుస్తున్న చప్పుడు నేలలోంచి పైకి వస్తోంది.

"మైకు ఉన్నట్టు ఆయనకు ఎరుకనా?" అని అడిగింది చివరికి.

"లేదక్కా. నేనే తీసుడు మర్చిపోయిన."

"అయితె ఇది నీది కాదు."

హన్నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మరి ఏం చేయమంటవక్కా? డిలీట్ చేసి ఇననట్టు ఉండమంటవా? శకుంతలత్త నా ఎదురుంగ కూసోని ఏడ్చింది. ఎవడు రాసిండో ఆని చెయ్యి పడిపోవాలె అన్నది. ఆ ముక్క నేను కెమెరాల పట్టుకొని ఇంటికి వోయి, మా నాయిన పక్కన కూసోని అన్నం తిన్న."

"డిలీట్ చెయ్యమని నేనన్ననా?"

"మరి పెట్టొద్దంటివి!"

శోభారాణి కుర్చీ దగ్గరకు లాక్కుంది. "కూసో. ఒకటి చెప్త ఇను. పదిహేనేండ్ల కింద ఒక సినిమా ఎడిట్ చేసిన. సిరిసిల్ల దిక్కు ఒక నేతగాని భార్య. కెమెరా బంద్ అయిందనుకొని ఆమె మొగని గురించి ఒక మాట అన్నది. డైరెక్టర్ పెట్టమన్నడు. నేను పెట్టిన. మస్తు బాగ కుదిరింది, ఆ ముక్కకే చప్పట్లు. తర్వాత నేను ఆమెను కలవనీకె పోయిన. తలుపు తీసి, నన్ను చూసి, మల్ల వేసుకున్నది. గంతే. తిట్టలేదు కూడ." ఆమె హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "మన పేదోళ్ళ మాటలు ఇట్ల అడగకుండ తీస్కపోయేటోళ్ళు శానమంది ఉన్నరు. అందుకేనాయె నేను మీ అసొంటోళ్ళ చేతికి కెమెరా ఇచ్చింది. మీరు గూడ అదే పని చేస్తే ఇగ ఈ గదులెందుకు?"

"బుధవారం వాళ్ళొస్తాన్రు గదక్కా."

వాళ్ళంటే హైదరాబాదు నుంచి వచ్చే ఇద్దరు. తొలి ఫ్రేమ్‌కు వచ్చే ఏడు కూడా సాయం చేయాలా వద్దా అని తేల్చేది వాళ్ళే. వాళ్ళకు చూపించడానికి అందరికన్నా ముందు సిద్ధమైనది హన్నా సినిమా ఒక్కటే. ఆ సంగతి గదిలో ఇద్దరికీ తెలుసు. శోభారాణి ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది.

"వస్తె రానీ. నువ్వు ఎంతవరకు తెచ్చినవో అంతవరకే చూపెడుత. నడిమిట్ల ఖాళీ ఉంటె ఖాళీ ఉన్నదని చెప్త. దాని ఫికర్ నాది, నువ్వు పెట్టుకోకు." లేచి, ఆ ముక్కను చిన్న రికార్డర్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టింది. "ఇది తీస్కపోయి ఆయనకు ఇనిపియ్యి. మొదలు బిడ్డ లెక్క పో. డైరెక్టర్ పని తర్వాత."

మెట్లు దిగబోతుంటే వెనక నుంచి మళ్ళీ పిలిచింది.

"హన్నా! శకుంతలకు ఆమె ముక్క చూపెట్టినవా? బయటోళ్ళు చూసేకంటె ముందు ఎవల ముక్క వాళ్ళకు చూపెట్టాలె. మొదటిరోజే చెప్పిన."

"టైం దొరకలేదక్కా. చూపెడ్త."

హన్నా గబగబా మెట్లు దిగింది.

*

మరునాడు ఆదివారం. చర్చిలో ఆ వారం వాక్యం చదివే వంతు ఏలియాది.

హమాలీల ముఠాలో చదువొచ్చినవాడు ఆయనొక్కడే అన్న పేరు ఆయనకు మొదటి నుంచీ ఉంది. ఏడో తరగతి దాకా మిషన్ బడిలో చదివాడు. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా రాస్తాడు. రేషన్ కార్డు దరఖాస్తులు, బడి పిల్లల ఫారాలు, దవాఖాన చీటీలు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. "ఏలియన్న చదివిండంటె చదివినట్టె" అనేవాళ్ళు. చిన్నప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా హన్నాకు ఛాతీ ఉప్పొంగేది. మా నాయిన అందరికీ చదివి పెడతాడు అని బడిలో చెప్పుకునేది.

ఇవాళ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఆ గొంతు వింటోంది. నెమ్మదిగా, ప్రతి మాటా తుడిచి పెట్టినట్టు చదువుతున్నాడు. నిన్న చెవుల్లో పడ్డ గొంతు, ఈ గొంతు ఒకటే. ఆమె తల వంచుకుంది. పక్కన కూర్చున్న ఆవిడ, హన్నా ప్రార్థన చేసుకుంటోందనుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

శివనగర్‌లో వాళ్ళది రెండు గదుల రేకుల ఇల్లు. తల్లి దవాఖానలో ఆయా. ఆదివారం కూడా డ్యూటీ పడితే పొద్దున్నే కూర వండిపెట్టి పోతుంది. తండ్రీ కూతుళ్ళు అన్నాలు తిన్నారు. ఏలియా చేయి కడుక్కుని, చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా విప్పి వంకెకు తగిలించి, బనీను మీద గడపలో కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది.

"నాయినా, ఒకటి ఇనాలె నువ్వు."

"సినిమాదా? ఇనిపియ్యి." చిరునవ్వుతో హెడ్‌ఫోన్లు తానే అందుకుని పెట్టుకున్నాడు.

హన్నా బటన్ నొక్కింది.

పదకొండు సెకన్లు. ఆయన ముఖంలో నవ్వు పోవడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. మిగతా సెకన్లలో ముఖంలో ఏమీ లేదు. అయిపోయాక కూడా హెడ్‌ఫోన్లు తీయలేదు. లోపల ఇంకా ఏదో వినపడుతున్నట్టు అలాగే కూర్చున్నాడు. హన్నానే చేయి చాపి తీసింది.

"మైకు నేనే మర్చిపోయిన నాయినా. కావాలని చేసింది కాదు."

"ఎవలెవలు ఇన్నరు?"

"నేను. శోభక్క. గంతే."

ఏలియా తల ఆడించాడు. వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోతుంటే అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఎందుకు రాసినవ్ నాయినా?" ఆ ప్రశ్న నిన్నటి నుంచి ఎన్నో రకాలుగా మనసులో అడిగి చూసుకుంది. అరుస్తూ అడిగింది, ఏడుస్తూ అడిగింది. ఇప్పుడు అడిగేసరికి గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "నా డిగ్రీ ఫీజు కోసమా? ఆ ఏడే గద నన్ను కాలేజీల వేసింది. నా కోసం రాసినవా?"

"లేదు." ఆయన వెంటనే అన్నాడు, ఎన్నడూ లేనంత గట్టిగా. "నీ పేరు దీంట్లకు తేకు. నీ కోసం రాసిన అంటె నాకు మంచిగ ఉంటది. కని అది అబద్ధం. భయపడి రాసిన. దొంతర అంత ఎత్తు కట్టొద్దని మేమందరం రెండు దినాల నుంచి చెప్తాన్నం. కోల్డ్ స్టోరేజీ సేటు ఇనలే. ఇంకో రెండు లాట్ల బస్తాలు తెచ్చి మీద ఎక్కిచ్చిండు. కింద చెక్క ఇరిగింది. కట్టయ్య పైన ఉండె." ఆగాడు. "పీనుగ ఇంక దవాఖానలనె ఉన్నది. సేటు నన్ను ఆఫీసు రూములకు పిలిచి, కాయిదం ముంగట వెట్టి, ఏలియా నీ రాత మంచిగుంటది, రాయి అన్నడు. రాయకపోతె ముఠా మొత్తం రేపటి నుంచి రావొద్దన్నడు. రాసిన. రాత మాత్రం మంచిగనె వచ్చింది."

హన్నా రికార్డర్‌ను పక్కన పెట్టింది.

"మరి మిగిలినోళ్ళు? పదకొండు మంది ఏలుముద్రలు ఏసిన్రు గద. కట్టయ్య మామ మాలల ఉన్నడని అందరికీ ఎరుకనే. ఒక్కడన్న ఎట్ల ఏసిండు నాయినా, తాగిండని ఉన్న కాయిదం మీద?"

ఏలియా గడప చెక్కను గోటితో గీరుతున్నాడు.

"చెప్పు నాయినా. అందరూ భయపడ్డరా?"

"వాళ్ళెందుకు భయపడ్తరు?" ఏలియా గొంతు సగానికి పడిపోయింది. "వాళ్ళకు ఏం ఎరుక? చదివింది నేను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"సేటు అందరిని వరసగ నిలవెట్టి, ఏలియా చదువుతడు, ఇని ఏలుముద్ర ఏయిండ్రి అన్నడు. చదివిన. చెక్క ఇరిగి దొంతర కూలింది, కట్టయ్య మీద పడ్డది అని చదివిన. కాయిదంల ఉన్నది ఒకటి, నేను చదివింది ఒకటి. ఏలియన్న చదివిండంటె చదివినట్టె అనుకున్నరు. ఒక్కొక్కడు వచ్చి, ఏలికి సిరా పూసుకొని, వొత్తి పోయిండు. ఒకడైతె ఏడ్సుకుంట వొత్తిండు, కట్టయ్యకు న్యాయం జరగాలె అన్నడు. వెంకటేశ్వర్లు ఆఖరికి వచ్చిండు. ఆనికి జర కూడబలుక్కొని చదువుడు వస్తది. ఆడు కాయిదం చూసిండు, నన్ను చూసిండు. ఏం అనలే. ఆడూ వొత్తిండు."

గోడకు తగిలించిన తెల్ల చొక్కా గాలికి కొంచెం కదిలి ఆగింది.

ఎనిమిదేళ్ళు! ఆ పదకొండు మందిలో ముగ్గురు పోయారు. వెంకటేశ్వర్లు తప్ప మిగిలినవాళ్ళు ఇవాళ్టికీ శకుంతల ఎదురైతే చేతులు జోడిస్తారు, కట్టయ్య కోసం మేం సాక్ష్యం చెప్పినం అని చెప్పుకుంటారు. హన్నా వాళ్ళలో నలుగురిని తన కెమెరాలోనే పెట్టింది. తాగాడని రాసిన కాగితం వేరే ఏదో అనుకున్నారు. తమ వేళ్ళే కట్టయ్యను తాగుబోతును చేశాయని వాళ్ళకు తెలియదు.

"మా అమ్మకు ఎరుకనా?"

"లేదు."

"పాస్టరు గారికి?"

తల అడ్డంగా ఆడించాడు. "నా వంతు వచ్చినప్పుడల్ల అక్కడ నిలవడి చదువుతాన గద, ఇట్ల పట్టుకునేసరికి," రెండు చేతులూ పుస్తకం పట్టుకున్నట్టు ముందుకు చాపాడు, "ఆ కాయిదమే కనపడ్తది. ఇయ్యాల గూడ కనపడ్డది."

హన్నా లేచి నిలబడింది. తండ్రి మీద జాలి వస్తోంది. ఆ జాలి తనకు వద్దనిపిస్తోంది. "మరి నేను కెమెరా పట్టుకొని నీ ఎంట తిరుగుతాంటె ఎట్ల ఊకున్నవ్? శకుంతలత్త దగ్గరికి పోతాన అంటె ఒద్దని ఎందుకనలే?"

"అందామనుకున్న. పోనియ్యి, తెలిస్తె తెలువనియ్యి అని గూడ అనుకున్న. ఏ దినం ఏది అనుకున్ననో నాకే ఎరుక లేదు." ఆయన తలెత్తి కూతురి కళ్ళలోకి మొదటిసారి చూశాడు. "నేనొకటి అడుగుత బిడ్డా, కోపానికి రాకు. శకుంతల మాటలు ఎంతసేపు తీసినవ్?"

"మూడు గంటలు."

"సినిమాల ఎంత ఉన్నది?"

"ఆరు నిమిషాలు."

"ఆ ఆరు నిమిషాలు ఏవేవో ఆమెకు చూపెట్టినవా?"

హన్నా చూపు కెమెరా బ్యాగు మీదికి పోయింది. తండ్రి గొంతులో నింద లేదు. ఎదుటి మనిషి జారబోయే చోటు ముందే తెలిసినవాడు జాగ్రత్త చెప్పినట్టు అడిగాడు. శుక్రవారం శకుంతల ఫోన్ చేసి, "నేను చెప్పినయి అన్నీ ఉన్నయా బిడ్డా?" అని అడిగితే, "అన్నీ ఉన్నయత్తా" అని తాను అన్నది. శకుంతల నమ్మింది. చదువుకున్న పిల్ల చెప్పింది గదా.

ఆమె గడపలో తండ్రి పక్కనే కూర్చుండిపోయింది.

"కెమెరా పెట్టు" అన్నాడు ఏలియా కొంతసేపటికి. "ఇప్పుడు నీకు చెప్పింది మల్ల చెప్త. మొకం చూపెట్టు, పేరు వెయ్యి."

పది నెలలుగా ఆమె సినిమాకు లేని నడిమి ముక్క అది. చేయి చాపితే బ్యాగు అందుతుంది. వెలుతురు కూడా బాగుంది, గడపలోంచి ఏటవాలుగా ఆయన ముఖం మీద పడుతోంది. ఆ వెలుతురు తన కంటికి ఆనినందుకు ఆమెకే సిగ్గేసింది.

"వద్దు నాయినా. మొదలు కెమెరాకు కాదు, ఆమెకు చెప్పాలె."

ఏలియా కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. లేచి వంకెకున్న తెల్ల చొక్కాను తాకి, ఏమనుకున్నాడో దాన్ని అక్కడే వదిలి, రోజూ పనికి వేసుకుపోయే నీలం చొక్కా వేసుకున్నాడు.

"పా" అన్నాడు.

*

కరీమాబాద్‌లో శకుంతల ఇల్లు సందు చివర. ఇద్దరూ ఆటో దిగి నడుస్తున్నారు. హన్నా భుజానికి కెమెరా బ్యాగు ఉంది. శకుంతల ముక్క ఆమెకే చూపించాలని ల్యాప్‌టాప్ కూడా అందులోనే పెట్టుకుంది. సందు మొదట్లో ఇద్దరు ముగ్గురు ఏలియాను గుర్తుపట్టి "ఏలియన్నా, ఇటెందుకచ్చినవే?" అని పలకరించారు. ఆయన చేయెత్తాడు తప్ప ఆగలేదు. కట్టయ్య దినాల తర్వాత ఆయన ఈ సందులోకి రావడం ఇదే. నడుస్తున్నకొద్దీ అడుగు చిన్నదవుతోంది. ఇంటికి నాలుగు గజాల దూరంలో పూర్తిగా ఆగిపోయాడు.

"నువ్వు బయట ఉంటవా, లోపటికి వస్తవా?" అని కూతుర్ని అడిగాడు.

"నువ్వెట్లంటె అట్ల."

"రా. నువ్వుంటె మాట మింగను."

శకుంతల గుమ్మం ముందు చాప మీద కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. మిరప మార్కెట్ యార్డు నుంచి బస్తాల లెక్కన ఇంటికి తెచ్చుకునే పని. నలభై ఐదేళ్ళు దాటని మనిషి, చూస్తే అరవై అనిపిస్తుంది. ముక్కుకూ నోటికీ కొంగు కట్టుకుంది. లోపల ఇంటర్ చదువుతున్న కూతురు సింధు ఏదో పాఠం పైకి చదువుకుంటోంది.

హన్నాను చూసి శకుంతల కళ్ళు నవ్వాయి. ఆమె వెనక ఏలియాను చూసి చేతులు ఆగాయి. కొంగు విప్పుకుంది.

"కూసో అన్నా" అంది. కుర్చీ తెమ్మని లోపలికి కేకేయబోతుంటే ఏలియా వారించి నేల మీదే, మిరపకాయల కుప్పకు అవతల కూర్చున్నాడు. ఘాటుకు హన్నాకు దగ్గు వచ్చింది. వాళ్ళిద్దరికీ రాలేదు.

"శకుంతలా," అన్నాడు ఏలియా. "నీకొకటి చెప్పనీకె వచ్చిన. ఎనిమిదేండ్ల కిందనే చెప్పాలె. కట్టయ్య పోయిన్నాడు..."

అక్కడ ఆగిపోయాడు. హన్నా చేతులు బిగించి కూర్చుంది. సాయం చేయాలనిపించింది, ఆ వాక్యాన్ని తానే పూర్తి చేయాలనిపించింది. పళ్ళ బిగువున ఊరుకుంది.

శకుంతల ఆయన్ను తొందరపెట్టలేదు. ఒడిలో పడ్డ తొడిమలు దులుపుకుంది. లోపలి చదువు ఆగిపోయింది.

"కట్టయ్య తాగలే శకుంతలా," అన్నాడు ఏలియా. "తాగిండని రాసింది నేను. ముఠోళ్ళకు ఎరుక లేదు. వాళ్ళకు తప్పు చదివి ఏలుముద్రలు ఏయిచ్చింది నేను."

చెప్పేశాడు. చెప్పి, తల వంచి, ఏ దెబ్బ పడుతుందో దానికి సిద్ధమైనట్టు భుజాలు కిందికి జార్చి కూర్చున్నాడు.

దెబ్బ పడలేదు. ఏడుపు లేదు. హన్నా భయపడిన శాపనార్థం లేదు. శకుంతల చాలాసేపు ఆయన నడినెత్తినే చూస్తూ ఉంది. తర్వాత మెల్లగా లేచి, మోకాలు పట్టుకుని నిలబడి, గుమ్మం లోపలికి చూసి పిలిచింది.

"సిందూ, ఆ కవరు తేవే."

పిల్ల పాత ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోంచి మడతల దగ్గర చిరిగిన జిరాక్సు కాగితం తీసి శకుంతల ఏలియా ముందు, మిరపకాయల మీద పరిచింది. గుండ్రటి అక్షరాలు. వరుస తప్పని రాత. హన్నా చిన్నప్పటి నుంచీ ఆమె పుస్తకాల అట్టల మీద ఆమె పేరు రాసి ఇచ్చిన రాత.

"నష్టపరిహారం దరఖాస్తు కొట్టేసినప్పుడు ఆఫీసోళ్ళు దీన్ని నా చేతుల వెట్టిన్రు. నాకు చదువు రాకపాయె. ఐదేండ్లు పెట్టెల దాసిన. ఈ సిందు ఎనిమిదో తరగతికి వచ్చినంక చదివి ఇనిపిచ్చింది." శకుంతల గొంతు ఎక్కడా తొణకలేదు. "రాత ఎవలదో అడుగుదామని ముఠాల నలుగురికి చూపెట్టిన. అండ్ల ఏమున్నదో చెప్పలే, చూడంగనె ఏలియన్న రాతనే గదా అన్నరు. మూడేండ్లాయె అన్నా, నాకు తెలిసి."

ఏలియా తలెత్తాడు. ఆ ముఖం చూడలేక హన్నా పక్కకు తిరిగింది. తిరిగాక మెల్లగా ఒక్కొక్కటే ఆమెకు తట్టసాగాయి. నిరుడు వానాకాలంలో తాను మొదటిసారి ఈ గుమ్మంలోకి వచ్చి, నేను ఏలియా బిడ్డను, మీ మీద సినిమా తీస్తా అన్నప్పుడు ఈమె ఒక్క మాట అడగకుండా సరే అన్నది. ఎవడు రాసిండో ఆని చెయ్యి పడిపోవాలె అన్నప్పుడు కెమెరా వైపు చూడలేదు, కెమెరా వెనక ఉన్న తన వైపు చూసింది. మూడు గంటలు మాట్లాడింది. ఆ మూడు గంటల్లో ఈమె తనకు ఏమేం చెప్పింది? తాను ఏమేం కత్తిరించి పారేసింది?

"అత్తా," అంది హన్నా. "నీకు ముందే తెలిసి... నాతోని ఎందుకు..."

శకుంతల ఆమె భుజాన ఉన్న బ్యాగు వైపు చేయి చూపించింది.

"అది బయటికి తియ్యి బిడ్డా. పోయినసారి నేను సగమే చెప్పిన. మీ నాయిన వస్తడో రాడో చూద్దామని మిగిలింది ఆపిన. వచ్చిండు గదా. సేటు ఆ దినం దవాఖానకు వచ్చి నాతోని ఏం మాట్లాడిండో, నేను దేనికి ఊకొట్టిన్నో, అది మీ నాయినకు గూడ ఎరుక లేదు." చాప మీద మళ్ళీ కూర్చుని, కొంగు సర్దుకుని, కళ్ళు ఏలియా మీద నుంచి తిప్పకుండా అంది: "చెప్త. ఈయన ముంగటనె చెప్త."